మూడు బడిపుస్తకాలు, ఒక కొండ

సంక్రాంతి వెళ్ళిన వారంలో మేము ఐదుగురం మహేంద్రగిరి ఎక్కి వచ్చాం. ఫోటోలు చూసి చాలామంది ఒకటే ప్రశ్న వేశారు: పర్లాకిమిడి వైపునుంచి శిఖరం దాకా జీపు రోడ్డు ఉంది గదా, అరవై దాటినవాళ్ళు అడవిలో పడి నడవడం దేనికని. జవాబు కొంచెం పొడుగు. తీరిక ఉన్నప్పుడు చదవండి. తెలుగులో తప్పులుంటే సర్దుకోండి. బడిలో నేర్చిన తెలుగు కాదు మాది.

అసలు ఈ ప్రయాణానికి మూలం పోయిన సర్వసభ్య సమావేశంలో జరిగిన గొడవే. "తెలుగు చదవడం రానివాళ్ళకు సంఘంలో ఓటు దేనికి?" అని ఒక పెద్దమనిషి లేచి అడిగారు. పేరు చెప్పం, ఆయన చెడ్డవారు కాదు. ఆ రోజు హాల్లో సగం మంది తలలు వంచుకున్నారు. వంచుకున్నవాళ్ళలో మేమూ ఉన్నాం. మాలో ముగ్గురం పెరంబూరు వాళ్ళం, తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం. తెలుగు అక్షరాలు మాకు వచ్చింది పలకమీద కాదు, గూడూరు, రేణిగుంట వైపు డ్యూటీకి వెళ్ళినప్పుడు స్టేషన్ బోర్డులమీద. హిందీ పక్కన ఇంగ్లీషు, దాని పక్కన తెలుగు. ఒకదాన్ని చూసి ఇంకోటి పోల్చుకుంటూ, నలభై ఏళ్ళు దాటాక నేర్చుకున్నాం. నాలుగో ఆయన కోలారు, కన్నడ మీడియం. ఐదో ఆయన బరంపురం, ఒడియా మీడియం. ఇంట్లో అందరిదీ తెలుగే, కానీ ఒకరి తెలుగు విని ఒకరు నవ్వుకుంటాం. ఉత్తరం రాసుకోవాలంటే మాత్రం ఐదుగురికీ కలిసిన లిపి సరిగ్గా లేదు.

మహేంద్రగిరి పేరు ఎత్తింది బరంపురం ఆయన. "ఆ కొండమీద అరవంలో రాసిన రాయి ఉందట, మీరొస్తే చదివి పెడతారు" అన్నారు. కోలారు ఆయనకూ ఆ కొండతో ఒక లెక్క ఉంది, అది తర్వాత చెబుతాం.

కొండ ఒడిశా గజపతి జిల్లాలో ఉంది. ఎత్తు 1,501 మీటర్లు. దాని పాదం మాత్రం తూర్పున మన శ్రీకాకుళం జిల్లా మందస దాకా చాచుకుని ఉంటుంది. శివరాత్రికి ఆంధ్ర వైపునుంచి వేలమంది ఆ అడవిదారులు పట్టుకునే ఎక్కుతారు. పండగ దాటితే దారులు మళ్ళీ గడ్డిలో కలిసిపోతాయి. బోర్డు ఉండదు, రాతిమీద రంగు గుర్తు ఉండదు. రోడ్డు రాకముందు రాజులైనా యాత్రికులైనా ఇలాంటి దారులనే వచ్చి ఉండాలి గదా, ఆ నడక ఎలాంటిదో కాళ్ళతో తెలుసుకుందామనిపించింది. ఇదే మీ ప్రశ్నకు సగం జవాబు.

హౌరా మెయిల్లో పలాసలో దిగి, జీడితోటల మధ్య ఆటోలో మందస చేరాం. మందస కోవా కట్టించుకోవడం మరిచిపోలేదు. రాత్రి కొండ కింద ఒక సవర గూడెంలో పడుకున్నాం. దారి చూపడానికి ఒక సవర పెద్దాయన ఒప్పుకున్నాడు. వయసు అడిగితే నవ్వాడు. వెంట పదేళ్ళ మనవడు. తెల్లవారుజామున ఐదింటికి టార్చిలైటు వేసుకుని బయలుదేరాం. ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం కాబట్టి గట్టిగా మాట్లాడుకుంటూ నడవమన్నాడు పెద్దాయన. మాట్లాడటం మన సంఘం వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మొదటి గంట జీడిమామిడి, పనస. తర్వాత వెదురు. అక్కడక్కడా పోడు కొట్టిన వాలు, దాని అంచున జీలుగు చెట్టుకు వేలాడుతున్న కల్లుకుండ. ఈ అడవిలో పుల్ల ఏరుకోవడానికి ప్రాణాలు పోయిన చరిత్ర ఉంది. అప్పటి మందస జమీందారీలో రైతులు అడవి కలప తెచ్చుకోకుండా ఆంక్షలు పెట్టారు. రైతులు ఎదురు తిరిగారు. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. అరెస్టులకు అడ్డం నిలిచిన సాసుమాన గున్నమ్మ ఆ కాల్పుల్లోనే చనిపోయింది. మా తమిళ పుస్తకాల్లో ఆమె పేరు లేదు, బరంపురం ఆయన ఒడియా పుస్తకాల్లోనూ లేదట. పెద్దాయనకు మాత్రం తెలుసు. "ఈ దారంటే కట్టెలు మోసిన దారే బాబూ" అన్నాడు, అంతకు మించి చెప్పలేదు.

ఒక వాగు దాటాక మేము చేసిన తప్పు కూడా రాయాలి. మాలో ఒకరికి మోకాలు పట్టేసి వెనకబడితే పెద్దాయన ఆయన్ని తీసుకురావడానికి కిందికి దిగాడు. "ఇక్కడే కూకోండి" అని చెప్పి మరీ వెళ్ళాడు. పది నిమిషాలు కూర్చున్నాం. ఎదురుగా మూడు దారులు చీలి ఉన్నాయి. ముప్పై ఏళ్ళు పైగా రైల్వే కాగితాలు చూసిన ధీమాతో, వెడల్పుగా ఉన్నదే మెయిన్ లైన్ అయి ఉంటుందని తేల్చి నడక మొదలుపెట్టాం. ముప్పావు గంట నడిచాక అది ఒక బోడి వాలుమీదికి చేరి ఆగిపోయింది. చుట్టూ పేడ తప్ప ఏమీ లేదు. కేకలు వేస్తే మా కేకలే తిరిగి వచ్చాయి. ఫోనులో సిగ్నల్ లేదు. అప్పటిదాకా జోకులు వేస్తున్న కోలారు ఆయన మాట్లాడటం మానేశారు. నిజం చెప్పాలంటే భయం వేసింది. చివరికి పిల్లవాడి ఈల వినిపించింది, ఆ వెనక పెద్దాయన.

తిట్టలేదు. "ఎడల్పు దారి ఆవులది బాబూ. సన్నదారి మనుషులది" అన్నాడు. ఆ తర్వాత ప్రతి చీలిక దగ్గరా పోకూడని దారికి అడ్డంగా పచ్చకొమ్మ విరిచి వేస్తూ నడిచాడు. మాకు ఆ కొమ్మలే సిగ్నళ్ళు అయ్యాయి.

ఆ గంటన్నర నష్టంతో తొమ్మిదిన్నరకు ఒక బండ దగ్గర కూలబడ్డాం. పులిహోర, చక్కిలాలు, అటుకులు, కోవా అన్నీ ఒకే విస్తరిలో పడ్డాయి. పెద్దాయన మనవడితో సవరలో ఏదో అన్నాడు, పిల్లవాడు నవ్వాడు. ఏమన్నావని అడిగితే తెలుగులో చెప్పడానికి సిగ్గుపడ్డాడు. మా గురించే అయి ఉంటుంది.

ఇక్కడ గిడుగు రామమూర్తిగారిని తలుచుకోకుండా ముందుకు పోకూడదు. వ్యావహారిక భాష కోసం పోరాడినవారిగా ఆయన మనందరికీ తెలుసు. ఆయన పుట్టిన ఆగస్టు 29న మన సంఘం ఏటా సభ పెడుతుంది. కానీ పర్లాకిమిడిలో అయ్యవారి ఉద్యోగం చేస్తూ ఆయన చేసిన పెద్ద పనుల్లో ఒకటి ఈ సవర భాష నేర్చుకోవడం. అప్పటికి లిపి లేని ఆ భాషకు 1931లో వ్యాకరణం లాంటి పుస్తకం, 1938లో నిఘంటువు తెచ్చారు. పాత శాసనాల లిపి కూడా తనంతట తానే నేర్చుకున్నారు. శ్రీముఖలింగమే పాత కళింగనగరమని వాదించినవారు, గంగ రాజు వజ్రహస్తుడి నడగాం రాగిరేకులను చదివి ప్రకటించినవారు ఆయనే. పక్కవాడి భాష నేర్చుకున్నందుకు ఆయన తెలుగుదనం తగ్గిందని ఎవరూ అనలేదు. ఈ మాట సమావేశంలో చెప్పవలసింది, అప్పుడు నోటికి రాలేదు.

ఇప్పుడు కోలారు ఆయన లెక్క. కళింగను ఏలిన తూర్పు గంగరాజుల పాత రాగిరేకుల్లో చాలావాటిలో ఒక మాట కనిపిస్తుంది: తాము మహేంద్ర శిఖరంమీది గోకర్ణస్వామి పాదసేవకులమని. అయితే చోడగంగదేవుడి కాలం శాసనాలు, 1118 నాటి విశాఖ రాగిరేకుల వంటివి, ఇంకా పెద్ద కథ చెబుతాయి. గంగవాడిలో కోలాహలపురం అనే ఊరు. అది నేటి కోలారే అంటారు. ఆ వంశంలో కామార్ణవుడనేవాడు రాజ్యం పినతండ్రికి వదిలేసి నలుగురు తమ్ముళ్ళతో బయలుదేరి మహేంద్రగిరి చేరాడు. గోకర్ణస్వామిని కొలిచి వృషభ లాంఛనం పొందాడు. శిఖరం దిగి వచ్చి కళింగను గెలిచాడు. "చూశారా, మా ఊరివాళ్ళే!" అని కోలారు ఆయన రైలెక్కినప్పటినుంచీ చెబుతూనే ఉన్నారు. ఆరువందల ఏళ్ళ తర్వాత రాయించుకున్న కథ అది, పాత రేకుల్లో లేదు, కాబట్టి చరిత్ర అనడానికి లేదని మేము అడ్డం పడ్డాం. ఆయన ఒప్పుకోలేదు. మా అభిప్రాయం ఏమిటంటే, కథ నిజం కాకపోయినా రాయించుకోవడం నిజం. అధికారం బాగా పాతుకున్నాక కూడా, మేము బయటినుంచి వచ్చాం, ఈ కొండ దేవుడు మమ్మల్ని ఒప్పుకున్నాడు అని చెప్పుకోవడం ఆ రాజులకు అవసరమైంది. వలస వచ్చిన ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఆ అవసరం తెలుసు.

ఈ కథ తెలుగులో పెద్దాయనకు చెప్పాం. చోడగంగుడి కోర్ని రాగిరేకుల్లో కామార్ణవుడు ఓడించిన రాజు పేరు శబరాదిత్యుడని ఉందని కూడా చెప్పాం. శబర అంటే సవరే గదా అని కోలారు ఆయన సాగదీశారు. పెద్దాయన చుట్ట ఆర్పి, కాసేపు ఆలోచించి, "ఐతే కోలారునుంచొచ్చిన ఆ బాబులకి ఈ కొండెక్కడానికి దారెవుడు చూపించాడు? మావోడే అయ్యుంటాడు" అన్నాడు. కోలారు ఆయన దగ్గర దానికి జవాబు లేదు. రాగిరేకుల్లోనూ లేదు.

చివరి రెండు గంటలు అడవి పల్చబడి గడ్డి మైదానం వచ్చింది. గాలి చల్లగా, గట్టిగా ఉంది. మధ్యాహ్నం రెండున్నరకు పైకి చేరాం. ఇద్దరు ముగ్గురు పూజారులు, ఒక జీపు, రెండు మేకలు తప్ప మనుషుల అలికిడి లేదు. పరశురాముడు తపస్సు చేసుకున్న చోటు ఇదేనని పురాణాల మాట. గుడులకు పాండవుల పేర్లు పెట్టుకున్నారు: భీముడిది, ధర్మరాజుది, కుంతిది. కుంతి గుడినే గోకర్ణేశ్వరాలయం అంటారు. భీముడి గుడి చూస్తే ఆ పేరెందుకో అర్థమవుతుంది. కొద్దిపాటి రాళ్ళే, కానీ ఒక్కొక్కటి గది అంత, ఒకదానిమీద ఒకటి ఎత్తి పెట్టినట్టు ఉంటాయి. చెక్కడం దాదాపు లేదు. అంతంత రాళ్ళు అక్కడ ఎలా నిలబెట్టారని రైల్వే గూడ్సు షెడ్డులో పనిచేసిన మా ఆయన చుట్టూ మూడుసార్లు తిరిగి చూశారు. తూర్పున దూరంగా మంచులో ఒక వెండి గీత, అదే సముద్రం.

అరవ శాసనం ఉన్న రాయి దగ్గరికి పూజారి తీసుకెళ్ళాడు. రాజేంద్ర చోళుడిది, 11వ శతాబ్దం. సంస్కృతంలో ఒకటి, తమిళంలో ఒకటి. విమలాదిత్యుడనే రాజును ఓడించి మహేంద్రగిరిమీద జయస్తంభం నాటించినట్టు అందులో ఉందని చరిత్రకారులు చెబుతారు. మొబైల్ లైటు పక్కవాటుగా వేసి మేము ముగ్గురం ముందుకు వంగాం. వెనక ఇద్దరు "ఊఁ, చదవండి" అన్నట్టు నిలబడ్డారు. తమిళంలో ఫస్టు మార్కులు తెచ్చుకున్నవాళ్ళం. ట, ప, మ లాంటి నాలుగైదు అక్షరాలు ఆనవాలు తెలిశాయి. మిగతావి రాయి మీది గీతలే. వెయ్యేళ్ళ కిందటి లిపి అది, రాదని ముందే తెలిసి ఉండాలి. అయినా సిగ్గేసింది. తెలుగు చదవలేరని ఊళ్ళో అనిపించుకుని, తమిళం చదవలేక కొండమీద నిలబడ్డాం.

అంతలో పిల్లవాడు మా చేతికింద దూరి "చేపలు! రెండు చేపలు!" అని అరిచాడు. నిజమే. అక్షరాల దగ్గరే పులి, దానితో రెండు చేపలు చెక్కి ఉన్నాయి. పులి చోళులది, చేపలు వాళ్ళు గెలిచిన పాండ్యులవి. మా ఆరుగురిలో ఆ రాయిని మొదట చదివింది వాడే.

ఆ రాత్రి పైనే ఒక గదిలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నప్పుడు, మా బడిపుస్తకాల సంగతి బయటికి వచ్చింది. మేము ముగ్గురం చిన్నప్పుడు కళింగత్తుప్పరణి బట్టీ పట్టినవాళ్ళం. జయంకొండార్ రాసిన ఆ తమిళ కావ్యంలో కులోత్తుంగ చోళుడి సేనాపతి కరుణాకర తొండైమాన్ కళింగమీద పడి గెలుస్తాడు. ఆ దండయాత్ర 1110 ప్రాంతంలో జరిగింది. పరీక్షలో మా హీరో కులోత్తుంగుడు. ఓడిపోయిన కళింగ రాజు ఎవరో పేరు కూడా మాకు గుర్తులేదు.

"ఆయనే మా హీరో" అన్నారు బరంపురం ఆయన. అనంతవర్మ చోడగంగదేవుడు. 1078లో పట్టానికి వచ్చి దాదాపు డెబ్భై ఏళ్ళు ఏలినవాడు, పూరీ జగన్నాథ ఆలయం కట్టడం మొదలుపెట్టినవాడు. ఒడియా బడిలో ప్రతి పిల్లకూ ఆ పేరు తెలుసట. మరి ఆయన పేరులో 'చోడ' ఎలా వచ్చింది? తల్లి రాజసుందరి చోళ రాజకుమారి కాబట్టి. మా హీరో శత్రువు మా హీరోకు చుట్టమే.

కులోత్తుంగుడు మాత్రం ఎవరు? ఇది మేము తెలుగు నేర్చుకున్నాక, సంఘం లైబ్రరీ పుస్తకంలో చదివి తెలుసుకున్నది. తమిళ బడిలో ఆయన చోళుడు, అంతే. నిజానికి ఆయన తండ్రి వేంగి చాళుక్య రాజరాజ నరేంద్రుడు, 1022లో పట్టాభిషేకం చేసుకున్న రాజు. నన్నయగారి చేత భారతం తెలుగు చేయించినది ఆ నరేంద్రుడే. నరేంద్రుడి తండ్రి పేరు విమలాదిత్యుడు, తల్లి రాజరాజ చోళుడి కూతురు కుందవ్వ. నరేంద్రుడి భార్య అమ్మంగ ఈ శాసనం వేయించిన రాజేంద్రుడి కూతురు. అంటే ఆది కవికి ఆశ్రయమిచ్చిన రాజు కొడుకే 1070లో చోళ సింహాసనం ఎక్కాడు. తమిళంవాళ్ళు ఆయన్ని తమవాడిగానే పాడుకున్నారు. తల్లివైపు, నాయనమ్మవైపు చూస్తే పాడుకోవడంలో తప్పూ లేదు.

ఇక రాతిమీద ఓడిపోయిన విమలాదిత్యుడు ఈ వేంగి విమలాదిత్యుడేనా? అవునని, రాజేంద్రుడు సొంత అక్కచెల్లెలి మొగుడినే ఓడించాడని కొందరు రాశారు. కాదు, శాసనంలో కులూత రాజు అని ఉంది, వేరే మనిషి అని ఇంకొందరు. మేము ఐదుగురం దానిమీద రాత్రి పదకొండు దాకా పోట్లాడుకున్నాం. తెలుగులోనే పోట్లాడుకున్నాం, వేరే దారి లేదు గదా. తేలలేదు.

చోడగంగుడి కాలంలో శ్రీముఖలింగం గోడలమీద వేసిన శాసనాలు చాలావరకు తెలుగులోనే ఉన్నాయని కూడా ఆ రాత్రే బరంపురం ఆయనకు చెప్పాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు మా నాన్న తెలుగు నేర్పలేదు. ఇక్కడ బతకాలంటే ఒడియా చాలన్నాడు. ఆ రాజు మాత్రం రెండూ పెట్టుకున్నాడు" అన్నారు.

పొద్దున్న పెద్దాయన, మనవడు మేము వచ్చిన అడవిదారినే దిగిపోయారు. మాట్లాడుకున్న డబ్బుకు మించి ఇస్తే ఎక్కువైనది తిరిగి ఇచ్చేశాడు. కోవా మాత్రం పిల్లవాడు తీసుకున్నాడు. మా మోకాళ్ళు ఒప్పుకోక మేము జీపులో ఒడిశా వైపు పర్లాకిమిడి దిగాం. దిగువన ఒక బోర్డు అంతా ఒడియాలో ఉంటే బరంపురం ఆయనే చదివి పెట్టారు.

పర్లాకిమిడి గురించి విడిగా రాయాలి, ఇక్కడ రెండు ముక్కలు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు ఈ ఊరు అటు వెళ్ళింది. అందుకు గట్టిగా పనిచేసినవారు ఇక్కడి రాజా కృష్ణచంద్ర గజపతి. గిడుగువారు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకు డెబ్భై దాటాయి. కొండ శిఖరం ఒకవైపు, పాదం ఒకవైపు అయ్యాయి. సవరలు రెండువైపులా మిగిలారు. ఇక మా శాఖ సంగతి: నౌపడానుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల చిన్న లైను 1900లో మొదలైంది, 1931లో గుణుపూర్ దాకా సాగింది. 2004లో దాన్ని ఆపి బ్రాడ్ గేజి చేశారు. ఆ చిన్న బండి ఎక్కలేకపోయామని మాలో రైల్వేవాళ్ళం ఇప్పటికీ బాధపడుతున్నాం. పెద్ద లైనులోనే నౌపడా వచ్చి మద్రాసు బండి పట్టుకున్నాం.

వచ్చే నెల సమావేశంలో ఓటు తీర్మానం మళ్ళీ వస్తుందని సెక్రటరీగారు చెప్పారు. మేము ఐదుగురం వ్యతిరేకిస్తూ సంతకం పెట్టాం. తమిళంలో మూడు, కన్నడంలో ఒకటి, ఒడియాలో ఒకటి. తెలుగులో పెట్టడం ముగ్గురికి వచ్చు, అయినా కావాలనే అలా పెట్టాం. పులి, రెండు చేపల ఫోటో పెద్దది చేయించి హాల్లో పెడుతున్నాం. ఆ లిపి చదవగలిగినవాళ్ళు మన సభ్యుల్లో ఎవరైనా ఉంటే దయచేసి ముందుగా కబురు చేయండి. శివరాత్రి తర్వాత మళ్ళీ ఎక్కే ఆలోచన ఉంది. రాదలచినవాళ్ళు ముందు మోకాళ్ళు డాక్టరుకు చూపించుకుని పేర్లు ఇవ్వండి. పెద్దాయన కూర్చోమన్న చోట కూర్చోగలిగినవాళ్ళే రావాలి.